గట్టు కింద కరెంటు

“టవరు పాతితే దాంతోపాటు నన్నూ పాతీండి!” అంటూ నరసింగరావు భుజం మీది పార తీసి మడిలో గుచ్చాడు.

కరెంటు ఇంజనీరు దీవెన నుదురు తుడుచుకుంది. ఆమె శ్రీకాకుళం నుంచి రావడం, ఈయన పార గుచ్చడం మామూలైపోయింది. టవరు కాళ్లు రెండు ఆయన మడిలో, రెండు పక్కనున్న వదిన సుభద్రమ్మ మడిలో పడతాయి. హైటెన్షన్ లైను భూమిలోంచి వేయొచ్చని మొదట ఆయన చెవిన వేసింది ఆ వదినేనట. ఆ మాటని ఊరంతా మోసింది మాత్రం ఈయనే.

“భూమిలో కేబులంటే ఖర్చు ఎన్నో రెట్లండీ,” అంది దీవెన.

“అయితే మా ఒదిన మడి పోవాలేటి? అన్న పోయినకాడ్నుంచి ఆవిడికి నేనే దిక్కు!”

పక్క మడిలో నిలబడ్డ సుభద్రమ్మ చెంగు సర్దుకుంది. “నాకున్నదీ ఒక్క మడే తల్లీ. ఇందులో జానెడు పోయినా నా కంచంలో మెతుకులు పోయినట్టే.”

దీవెన మనసు కరిగింది. పైవాళ్లతో పోట్లాడి ఎలాగో ఒప్పించి, నెల తిరిగేసరికి సర్వేకి వచ్చింది. నరసింగరావు పారతో సహా హాజరు.

“మరి ఎవరి మడిలోంచి తవ్వమంటారు?”

ఆయన పారతో సహా తన మడికి అడ్డంగా జరిగాడు.

“ఎవురి మడీ ఒద్దు. మా ఇద్దరి మద్దిన గట్టున్నాది కదా, దాని కిందేసీండి,” అంది సుభద్రమ్మ.

“సూసారా మా ఒదిన తెలివి!” నరసింగరావు గంతేసినంత పని చేశాడు. ఒప్పుకోలు కాగితం మీద అందరికన్నా ముందు సంతకం పెట్టిందీ ఆయనే.

దీవెన గట్టెక్కి రెండడుగులు వేసి తూలింది. పాదం పట్టనంత సన్నగా ఉందది.

“ఇదేమిటండీ, గట్టు ఇంత బక్కచిక్కిపోయింది?”

“వాన! ఏటేటా కరిగిపోతాది,” అన్నాడు నరసింగరావు చప్పున.

“అవునవును, పాడు వాన,” అంది సుభద్రమ్మ.

“పర్లేదు. పాత సర్వే రాళ్లు చూసి గట్టుని పూర్తి వెడల్పుకి పోయిస్తాం. కేబుల్ వేశాక అటూ ఇటూ హెచ్చరిక రాళ్లు పాతేస్తాం. ఆ తర్వాత గట్టుకి పార తగిలిందా, ప్రాణానికే ముప్పు. బతికితే కేసు.”

నరసింగరావు నవ్వు ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టాడు.

“అడిగిందే ఇచ్చాంగా, ఏమైంది ఆయనకి?” అంది దీవెన అయోమయంగా. “సరేగానీ, మళ్లీ వానకి గట్టు కరిగితే ఎలాగండీ?”

సుభద్రమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, వెళ్తున్న మరిది వీపుకేసి చూపించింది.

“అదిగో, ఆ వాన పార బుజానేసుకుని పోతన్నాది తల్లీ.”