కొండ మేత, షెడ్డు మేత

మా అల్లుడు ఒక గొర్రెపిల్లను షెడ్డులో కట్టేసి దాణా పెట్టి పెంచాడు. దాని కవలపిల్లను నేను కొండ మీద మేపాను. ఎవరి పిల్ల ఎక్కువ బలిస్తే మందంతా వాళ్ళ పద్ధతికే. ఓడితే నాకిక కొండ లేదు.

తూచే రోజు వచ్చింది. గొర్రెపిల్లలు కాటా మీద కుదురుగా నిలబడవు. అందుకే వాటిని ఎత్తుకుని మేమే ఎక్కాం. పందెం మొదలైన రోజు తూచుకున్న మా బరువు అందులోంచి తీసేశాం.

అల్లుడి పిల్ల దూడంత తూగింది. నాది కోడిపెట్టంత.

"చూశారా మామయ్యా, మీ కొండగాలి మహిమ!" అన్నాడు అల్లుడు.

మా అమ్మాయి రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి తడిమింది. "రెండూ ఒక్కలాగే ఉన్నాయి కదండీ! ఈసారి మీరిద్దరూ ఉత్త చేతులతో ఎక్కండి."

ఎక్కాం. దాణా పెట్టి, పక్కనే కూర్చుని వేరుశెనగలు నమిలిన అల్లుడు బలిశాడు. రోజూ కొండెక్కి దిగిన నేను చిక్కిపోయాను.

"నాన్నా, రేపట్నుంచి నువ్వు షెడ్డులో కూర్చుని తిను. ఏవండీ, మీరు కొండకి," అంది అమ్మాయి.

"మరి మంద సంగతి?" అన్నాను.

"ముందు మీది తేలనీ," అంటూ గొర్రెలకు గుర్తు వేసే రంగు తెచ్చి మా ఇద్దరి చొక్కాలకు పూసింది.

గొర్రెపిల్లలు రెండూ మమ్మల్నే చూస్తూ నెమరేశాయి.