గెలిచిన గిన్నె

“నా కూర బాగాలేదన్నావో, మావారి తల మళ్లీ నీ షాపు గుమ్మం తొక్కదు తమ్ముడూ!” అంది కిరాణాకొట్టు అత్తమ్మ, వీధి మధ్యలో వేసిన పొడుగు బల్లకి అడ్డంగా నిలబడి.

“మా ఆయనా అంతే బాబాయ్. పైగా ఆయనకి జుట్టుంది,” అంది వెనకనుంచి ఆవిడ కోడలు.

సెలూన్ బాబాయ్ తల పట్టుకున్నాడు. రోజూ పట్టుకునేవి పరాయి తలలు; సొంత తల పట్టుకోవడం ఇదే మొదలు. వీధి పండుగలో బంగాళాదుంప కూరల పోటీ, నువ్వే తీర్పరివి అంటే సరదాపడి ఒప్పుకున్నాడు. కిందటేడు తీర్పు చెప్పిన దర్జీకి సగం వీధి కొలతలివ్వడం మానేసింది. మిగతా సగం ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే మానేసింది. ఈసారీ జుట్టూ జుట్టూ పట్టుకుంటే ఇక పండుగే వద్దని పెద్దలు తేల్చేశారు. క్షవరమైతేగానీ వివరం తెలియదంటారు. ఇన్నాళ్లూ వీధందరికీ క్షవరం చేసినవాడికి వివరం ఇవాళ తెలిసింది.

అన్నీ ఒకే రకం గిన్నెలు. మీద గుడ్డ, గుడ్డ మీద నంబరు. ఎవరి నంబరు వాళ్ల చెవిలో చెప్పి, గిన్నెలు కలిపేసి వరసలో పెట్టింది బాబాయ్ భార్యే. “జడ్జి పెళ్లాం పోటీ చేస్తే బాగుండదు, పొయ్యి ముట్టుకోనని ఒట్టెయ్” అని పొద్దున్నే ఒట్టేయించుకున్నాడు మరి.

బాబాయ్ చెంచా ఎత్తాడు. ఒకదాంట్లో ఉప్పు సముద్రం, ఒకదాంట్లో ఉప్పు శూన్యం. ఇంకోదాంట్లో మమకారం ఎక్కువై కారం తగ్గింది. ఏడో గిన్నె దగ్గర చెంచా ఆగింది. మళ్లీ ముంచాడు. కళ్లు మూసుకున్నాడు. నాలుక నిజం తేల్చేసింది. ఇక నోరే చెప్పాలి.

“ఏడు!” అని అరిచి, రెండు చేతులూ నెత్తికి అడ్డం పెట్టుకున్నాడు.

దెబ్బ పడలేదు.

“ఏడు నాది కాదే!” అంది అత్తమ్మ.

“నాదీ కాదు,” అంది కోడలు. టీచరమ్మ కాదంది. బస్సు డ్రైవరు వదిన కాదంది. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, ఏడాది తరవాత.

“ముందు రుచి చూడండమ్మా, ఎవరిదో అదే తెలుస్తుంది!” అన్నాడు దర్జీ, దూరంనుంచే.

అత్తమ్మ ఓ ముద్ద నోట్లో వేసుకుంది. “ఉల్లిపాయ అచ్చం నాలాగే మగ్గించారే!”

“మిరియాల ఘాటు మాత్రం నాదే,” అంది టీచరమ్మ.

“మీరు ఉల్లిపాయ ఇలా మగ్గిస్తారా అత్తయ్యా? ఏదీ, మీ గిన్నె ఇటివ్వండి,” అంది కోడలు.

“ముందు నీది పెట్టవే!”

చెంచాలు గిన్నెలు మారాయి. కుర్చీలు దగ్గరికి జరిగాయి. గెలిచినవాళ్లు లేరు కనక ఓడినవాళ్లూ లేరు. “వచ్చే ఏడూ తీర్పు నీదే తమ్ముడూ,” అని అత్తమ్మ అక్కడికక్కడే తేల్చేసింది.

బాబాయ్ తల తడుముకున్నాడు. ఉంది. హమ్మయ్య అనుకుని భార్య పక్కకి చేరాడు.

“ఏడో నంబరు ఎవరి చెవిలో చెప్పావే?”

“ఎవరికీ చెప్పలేదు.”

“అంటే నువ్వే వండావా? ఒట్టేశావు కదే!”

“పొయ్యి ముట్టుకుంటే ఒట్టండీ,” అంది ఆవిడ గరిటె తుడుస్తూ. “గుడ్డలు కప్పేటప్పుడు ప్రతి గిన్నెలోంచీ ఒక్కో గరిటె తీసి మన ఖాళీ గిన్నెలో వేశాను, అంతే!”