పటంలో ఊబి

"ఇక్కడ చేను ఉండటానికి వీల్లేదమ్మా. పటంలో ఊబి ఉంది," అన్నాడు క్రాబ్‌ట్రీ, ఎండిన మట్టిని బూటుతో తన్నుతూ. హోబర్ట్‌లోని సర్వే ఆఫీసు నుంచి పాత పటం చంకన పెట్టుకుని వచ్చాడతను.

"ముప్పై ఆరేళ్ల కిందటి పటం కదా బాబూ. ఎండిపోయి ఉంటుంది," అంది ఎల్వా.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"అలా అయితే తవ్వాలి. ఈ పటం గీసిన రూపర్ట్ హెయిల్ గారు ఆఖరి కొలతకని ఊబిలో దిగి మునిగిపోయారు. టోపీ ఒక్కటే దొరికింది. ఊబి ఉంటే ఆయన పేరున ఫలకం పాతి రమ్మన్నారు. లేకపోతే ఎముకలు వెతకాలి. ఇరవై మంది వస్తారు. దొరక్కపోతే విచారణ."

బంగాళాదుంపలు ఇంకా నేలలోనే ఉన్నాయి. ఎల్వా కంచె వైపు చూసింది.

"ఊబి ఎక్కడికి పోతుందయ్యా," అన్నాడు ఆమె భర్త అంబ్రోజ్, కంచెకు ఆనుకుని పైపు పీలుస్తూ. "అదిగో, ఆ వాలు కింద. మొన్న మా ఆవు మోకాళ్ల దాకా దిగబడింది."

"అక్కడా పొడిగానే ఉంది పెద్దాయనా. చూసొచ్చాను."

"పొద్దుటి పూట అంతే. టీ తాగాక చూడు."

"నువ్వు ఎక్కువ మాట్లాడకు అంబ్రోజ్," అని కసిరి, ఎల్వా అతిథిని వంటింట్లో కూర్చోబెట్టింది. వెన్న వేసి కాల్చిన స్కోన్ రొట్టెలూ జామూ ముందు పెట్టి, పెరటి దారిన పరుగెత్తి, నీటిగుంట తూము ఎత్తేసింది. వాలు కింద పది సాళ్ల పంట కళ్లెదుటే మునిగింది. ఆమె తిరిగొచ్చేసరికి అతను ఆరో స్కోన్ తింటున్నాడు.

వాలు కింద క్రాబ్‌ట్రీ బూటు చీలమండ దాకా దిగబడింది. అతని మొహం వెలిగిపోయింది.

"పటంలో గీత కూడా తప్పలేదు. మహానుభావుడు," అన్నాడు.

ముగ్గురూ కలిసి ఫలకం పాతారు. ఆ లోయలో అందరికన్నా పెద్దవాడు కాబట్టి నాలుగు మాటలు చెప్పమని క్రాబ్‌ట్రీ అడిగితే, అంబ్రోజ్ టోపీ తీశాడు.

"పాపం, మళ్లీ ఇల్లు చేరలేదు."

"అవును. వాళ్లమ్మ పోయేదాకా ప్రతి రాత్రీ ఆయనకి కంచం పెట్టేదట," అన్నాడు క్రాబ్‌ట్రీ.

అంబ్రోజ్ చాలాసేపు తల ఎత్తలేదు. ఎల్వా అతని వైపు చూడలేకపోయింది.

క్రాబ్‌ట్రీ జాలిపడి, ముసలాయన చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపి వెళ్లిపోయాడు.

ఆ పటం గీసిన చెయ్యి అదే.