లెబెయా కొట్టని పిట్టలు

లెబెయా గుడిసె చూరుకు ఒక్క పిట్టా వేలాడటం లేదు.

మద్దిచెట్ల కింద ఉన్న మిగతా కాపలా గుడిసెలన్నిటికీ చచ్చిన పిట్టలు గుత్తులుగా వేలాడుతున్నాయి. కాకులు, గోరింకలు, ఏట్రింతలు. దసలి పట్టుపురుగుల మీద వాలినవాటిని ఉండేలుతో కొట్టి కట్టినవి. ఎవడి గుత్తి పెద్దదైతే వాడే మగాడు.

మెంజారీ అన్నం గిన్నె నేల మీద గీసిన గీత దగ్గర పెట్టి దూరంగా నిలబడింది. పురుగులు చెట్ల మీద ఉన్నన్నాళ్ళూ కాపలా కాసే మొగుడి దగ్గరికి పెళ్ళాం పోకూడదు. పోతే మైల తగిలి పురుగులు చస్తాయి.

లెబెయా నెత్తి మీది కొమ్మ మీదే పిట్టలు వాలి పురుగుల్ని ఏరుకుంటున్నాయి. ఉండేలు ఒళ్ళోనే ఉంది.

“కొట్టవేం?” అని అరిచింది.

“పోనీలే మెంజారీ. వాటికీ పొట్టలుంటాయిగా” అన్నాడు, తల ఎత్తకుండానే.

ఏటి దగ్గర నీళ్ళు ముంచుతుంటే పక్కింటి చామీ అందుకుంది.

“మీ ఆయన పిట్టలకి పెళ్ళిభోజనాలు పెడుతున్నాట్ట గదా వదినా! మమ్మల్నీ పిలవకూడదూ?”

ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. మెంజారీ నిండని కుండే ఎత్తుకుని వచ్చేసింది.

మర్నాడు గిన్నె పెట్టి చెప్పింది.

“ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నా. మా అమ్మ దగ్గరికి పోతున్నా. రేపట్నుంచి కూడు మీ అమ్మ తెస్తుంది. ఒక్క పిట్టనైనా కొట్టిన రోజు కబురు పెట్టు, వస్తా.”

లెబెయా గబుక్కున లేచాడు. నాలుగడుగులు వేసి, చెట్టు పట్టుకుని ఆగిపోయాడు. గీత దాటడానికి భయపడ్డాడనుకుంది. వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ కబురు రాలేదు. పట్టుగూళ్ళు కోసే వేళకి వేరే కబురు వచ్చింది. ఊరందరి పురుగులూ పోయాయి. నల్లుల్లాంటివేవో పట్టి పీల్చేశాయి. లెబెయా చెట్లకి మాత్రం గూళ్ళు విరగకాశాయి.

మెంజారీ సిగ్గుతో చచ్చిపోతూ తిరిగొచ్చింది.

అతని చెట్ల కింద ఊరంతా ఉంది. ఊరిపెద్ద తురామ్ ముండా తల కొట్టుకుంటున్నాడు.

“పిట్టల్ని మనం చంపాం. అవి తినాల్సిన నల్లులు మన పురుగుల్ని మింగాయి. నీ పిట్టలు గుప్పెడు పురుగుల్ని తిన్నా చెట్టెడు నల్లుల్ని తిన్నాయి. ఇంత తెలివి నీకెక్కడిదిరా లెబెయా? పై ఏడు అందరికీ నువ్వే నేర్పాలి.”

“మేం బద్ధకమనుకున్నాం అన్నా” అన్నాడు చామీ మొగుడు.

లెబెయా తల వంచుకున్నాడు. పొగిడేకొద్దీ ఇంకా కిందికి వంచుకున్నాడు, తప్పు చేసి దొరికినవాడిలా.

మెంజారీ జనాన్ని తోసుకుని వెళ్ళి ఎదురుగా నిలబడింది. చెంగు సర్దుకుంది. గాజుల చప్పుడుకి అతను ముఖమెత్తాడు. ఆ ముఖంలో కోపం లేదు, సంతోషమూ లేదు. పరాయిదాన్ని చూసినట్టు చూశాడు.

‘నాకిలాగే కావాలి’ అనుకుంది. వెనుదిరగబోయింది.

లెబెయా ఆమె వైపు వంగి, మిగతావాళ్ళకి వినపడకుండా అడిగాడు.

“ఎవరోగానీ అమ్మా, ఈ జనంలో మా మెంజారీ వచ్చిందేమో కాస్త చూసి చెబుతావా, వానలు పడ్డప్పట్నుంచీ నాకు చూపు ఆనడం లేదు.”