కొత్త పెద్దమ్మ చెలమ

ఆ ఏడు ఎండలకు వాగు ఇంకిపోయింది. జంతువులన్నీ దేనికవి ఇసుకలో చెలమలు తవ్వుకున్నాయి. ఒకటి లోతుగా తవ్వితే పక్కదాని చెలమ ఎండిపోయేది. రోజూ కొట్లాటలే. చివరికి అన్నీ కలిసి బూదెమ్మ అనే ఏనుగును అడవికి పెద్దగా ఎన్నుకున్నాయి.

బూదెమ్మ మొదటి రోజే గట్టెక్కి ఖచ్చితంగా చెప్పేసింది. "ఇకమీదట అందరికీ ఒకటే చెలమ. వరసలో వచ్చి, ఊరిన నీళ్లే తాగాలి. ఎవరికీ వేరే గొయ్యి ఉండకూడదు."

అన్నీ తలలూపాయి. అడవిపంది మాత్రం నవ్వింది.

"బాగా చెప్పావు పెద్దమ్మా! మరి ఆ మద్దిచెట్టు కింద నీకోసం తవ్విన చెలమో? కొత్త పెద్దకు వేరే చెలమ ఇవ్వడం మన ఆనవాయితీ కదా!"

బూదెమ్మ గొంతు పొద్దుటినుంచీ ఎండిపోయి ఉంది. ఆ నీళ్ల వాసన తొండానికి తగులుతూనే ఉంది. తిన్నగా అక్కడికే నడిచింది.

"చూశావా, నీతులన్నీ మనకే," అని పంది కుందేలు చెవిలో గొణిగింది.

బూదెమ్మ కాలితో ఇసుక తోసి ఆ చెలమను పూడ్చేసింది. తిరిగొచ్చి వరసలో అందరికంటే వెనక నిలబడింది.

"ముందుకు రా పెద్దమ్మా," అంది కుందేలు.

"నేను ముందు తాగితే మీకేం మిగులుతుంది తల్లీ? ఊరనీ, నాకేం తొందర లేదు."

పంది మెల్లగా పొదల్లోకి జారుకుంది. కాసేపటికి వచ్చి ఏనుగు వెనక నిలబడింది.

"నీ గొయ్యి పూడ్చొచ్చావా? మంచిపని చేశావు," అంది బూదెమ్మ, వెనక్కి తిరక్కుండానే తొండంతో వాసన పట్టి. "ముట్టెకు తడి ఇసుక అంటింది, దులుపుకో."