డాలుకి జలుబేంటి?

రాత్రుళ్ళు చెత్త కెలికే రాకూన్లనే జంతువులు తెరవలేవని మూత మీద రాసి ఉంటే నమ్మి, మెర్విన్ కొత్త చెత్త డబ్బా కొన్నాడు.

రాకూన్లు రోజూ తెరుస్తున్నాయి. తెరవలేకపోతున్నది మెర్విన్ ఒక్కడే.

ఆ ఉదయం కూడా అంతే. కెనడాలో, హామిల్టన్‌లోని వాళ్ళ వీధి పొడుగునా చెత్త పరుచుకుంది. మామూలు చెత్త కాదు, కత్తిరించిన ఫోమ్ ముక్కలు. మొన్నటిదాకా అవి అతని భార్య కొలీన్ యోగా చాప. కొన్నప్పటి నుంచి చుట్ట విప్పలేదు కాబట్టి కొత్తదే.

మెర్విన్ పళ్ళ బీమా ఆఫీసులో ఉద్యోగి. గ్యారేజీలో మాత్రం కమ్మరి.

'రాతికోట' అని ఒక వీడియో గేమ్. అందులో ఒక మాట్లాడే డాలు. దెబ్బ తగిలినప్పుడల్లా, "మళ్ళీ నన్నేనా ముందుకు తోసేది? సిగ్గు లేదూ నీకు?" అని గొణుగుతుంది.

అచ్చం అలాంటి డాలు చేత్తో చేసి, శనివారం టొరంటోలో జరిగే వేషాల పోటీలో గెలవాలని మెర్విన్ పంతం. కిందటేడు ఫోమ్‌తో చేసిన కత్తి పట్టుకెళ్ళాడు. బస్సులో హీటర్ పక్కన కూర్చున్నాడు. దిగేసరికి అది కొడవలి.

చలికాలమంతా డాలు గ్యారేజీలో వెచ్చగా ఉంది. కారు బయట మంచులో ఉంది.

గ్యారేజీ తలుపు దగ్గర ఎవరో దగ్గారు. ఎదురింటి బేస్‌మెంట్‌లోకి, కూతురి దగ్గరికి ఈమధ్యే వచ్చిన ముసలాయన, ఎల్డన్ ప్రాట్. చేతినిండా ఫోమ్ ముక్కలు.

"ఇవి మీవేనా బాబూ?"

"మావే. ఆ మూల పడెయ్యండి."

ఆయన పడేశాడు గానీ వెళ్ళలేదు. డాలు చూసి నిలబడిపోయాడు. ఫోమ్‌ని వేడిచేసి, వంచి, అతికించి, దానికి ఇనుము రంగు వేశాడు మెర్విన్. ఇనుమన్నాక తుప్పు ఉండాలని తుప్పు కూడా వేశాడు. మధ్యలో మూతి ముడుచుకున్న ముసలి మొహం.

"అబ్బ, ఎంత చక్కగా విసుక్కుంటోందో!" అన్నాడాయన.

"మొహం కుదిరింది పెద్దాయనా. లోపల స్పీకర్ కూడా పెట్టా. గొంతే కుదరలేదు. గేమ్‌లోంచి తీద్దామంటే వెనక కత్తుల మోత. నేను చెబితే బీమా ఆఫీసులా ఉంది. మా ఆవిడ చెబితే మా ఆవిడలా ఉంది."

"నేను చెప్పనా?"

"మీకీ గేమ్ తెలుసా?"

"ఆడలేదు. మాట తెలుసు."

చెప్పాడు. మెర్విన్ తల అడ్డంగా ఊపాడు.

"పర్లేదు గానీ, ఆ బరువు లేదండీ. ముక్కులోంచి రావాలి. ఇదిగో, ఇలా." చెప్పి చూపించాడు.

ఆయన బుద్ధిగా విని మళ్ళీ చెప్పాడు.

"ఊహూఁ. మరీ హుషారుగా ఉంది."

మళ్ళీ చెప్పాడు.

"ఇప్పుడు మరీ నీరసం."

ఆయన ఆలోచించాడు. "దీనికి జలుబు కావాలి బాబూ."

"డాలుకి జలుబేంటి పెద్దాయనా!" మెర్విన్ పగలబడి నవ్వాడు.

లోపల్నుంచి కొలీన్ కేకేసింది. "పాపం, ఆయన్ని వదిలెయ్ మెర్విన్! కాఫీ అయినా ఇచ్చావా?"

ఇవ్వలేదు.

"ఏమీ అనుకోకండి," అన్నాడు మెర్విన్ ఓదార్పుగా. "ఇది అందరికీ వచ్చే విద్య కాదు."

"నిజమే. నాకూ మళ్ళీ రాలేదు," అంటూ ఆయన రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

శనివారం మెర్విన్ తన గొంతే పెట్టుకుని పోటీకి వెళ్ళాడు. కోసు చెవులు తగిలించుకున్న న్యాయనిర్ణేత డాలుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పనితనానికి దండం పెట్టాలి. ఈ గొంతెవరిది?"

"నాదే."

"పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి ఫోనొచ్చినట్టుంది."

ప్రోత్సాహక బహుమతిగా ఒక కీచైన్ ఇచ్చారు.

ఆదివారం పొద్దున మళ్ళీ రాకూన్లు, మళ్ళీ ఫోమ్ ముక్కలతో ఎల్డన్. ఈసారి మెడకి మఫ్లరు. ముక్కు టమాటాలా ఉంది.

"గెలిచావా బాబూ?"

"గొంతు దగ్గర పోయింది."

ఆయన డాలు అందుకుని, దాని మొహం పక్కన తన మొహం పెట్టి, ముక్కు ఎగబీల్చాడు.

"మళ్ళీ నన్నేనా ముందుకు తోసేది? సిగ్గు లేదూ నీకు?"

మెర్విన్ చేతిలోని కాఫీ కప్పు జారిపోయింది. అది అనుకరణ కాదు. అదే గొంతు.

"గేమ్‌లో డాలుకి గొంతిచ్చిన రోజు స్టూడియోకి ఇలాంటి జలుబుతోనే వెళ్ళా," అన్నాడు ఎల్డన్ ముక్కు తుడుచుకుంటూ. "తగ్గాక రమ్మంటారనుకున్నా. ఇదే బాగుందన్నారు."

"మొదటే చెప్పొచ్చుగా!"

"చెప్పా కదా బాబూ, అన్నిసార్లు! నువ్వే కుదర్లేదన్నావు."

ఆ పూటంతా ఇద్దరూ కబుర్లలో పడ్డారు. కొలీన్ వేడివేడి చికెన్ సూప్ తెచ్చి, వద్దన్నా వినకుండా ఆయనకి మళ్ళీ మళ్ళీ పోసింది. ఆయన ముక్కు పూర్తిగా తెరుచుకున్నాక గానీ, రికార్డు చేసుకోలేదన్న సంగతి మెర్విన్‌కి గుర్తు రాలేదు.

ఇప్పుడు ఎల్డన్ రోజూ వస్తున్నాడు, కాఫీ తాగుతున్నాడు, గుండ్రాయిలా ఉన్నాడు. కారు ఇంకా బయటే ఉంది.

అయ్యా, అమ్మా, మెర్విన్ తరఫున మీ కాళ్ళు పట్టుకుంటాను. కొలీన్‌కి తెలియకుండా ఒక పెద్దమనిషికి మర్యాదగా జలుబు తెప్పించే ఉపాయం ఉంటే చెప్పి పుణ్యం కట్టుకోండి. ఆయనా పాపం, టోపీ తీసేసి మరీ మంచులో రోడ్డు దాటుతున్నాడు.