కరెంటుదా, పెట్రోలుదా?

“నీళ్లూ కరెంటూ ఒక్కచోట కలిస్తే మనిషి మిగులుతాడా బాబూ?”

షాపులోకి అడుగు పెడుతూనే ఆవిడ అన్న మొదటి మాట అది. ఇంకా ఏ మిషనూ చూడలేదు, దేని మీదా చెయ్యి వెయ్యలేదు. చంకలో గొడుగు, చేతిలో బట్టసంచి, మొహంలో అప్పుడే ఏదో జరిగిపోయినంత కంగారు.

సేల్స్ కుర్రాడు ఆవిణ్ని చూసి బిగుసుకుపోయాడు.

బిల్లింగ్ కౌంటర్లో మేనేజర్ నిట్టూర్చాడు. ఈ కుర్రాడితో వచ్చిన చిక్కే ఇది. పనిమంతుడు, ప్రతి మిషన్ గురించీ కూర్చుని చదువుకుంటాడు. తీరా మనిషి ఎదురుగా నిలబడితే నోరు పెగలదు. చేరిన దగ్గర్నుంచి ఒక్కటీ అమ్మలేదు. నిన్న రాత్రి షట్టరు దించుతూ మేనేజర్ అందరి ముందూ చెప్పేశాడు కూడా. “రేపు ఒక్క మిషనైనా నీ నోటితో నువ్వు అమ్మాలి. లేదంటే ఎల్లుండి నుంచి రానక్కర్లేదు.”

“ఏమయ్యా, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? మేడంగారు అడుగుతున్నారు,” అన్నాడు సీనియర్ సేల్స్‌మన్, అరల మీద దుమ్ము దులుపుతూ.

“తొందరేం లేదులెండి, నిదానంగానే చెప్పనీండి,” అంది ఆవిడ. “మా వాకిలంతా నాచు పట్టింది. మా ఆయన ఎప్పుడు జారిపడి నడుం విరగ్గొట్టుకుంటారో అని నాకు కంటిమీద కునుకు లేదు. నీళ్లు గట్టిగా చిమ్మి కడిగే మిషన్లుంటాయటగా. కరెంటుది కొంటే షాక్ కొడుతుందేమోనని ఇంకో బెంగ. చెప్పు బాబూ. ముందు కాసిని మంచినీళ్లు తాగు, గొంతెండిపోయినట్టుంది.”

కుర్రాడు సీసా ఎత్తి రెండు గుక్కలు తాగాడు. “షాక్... కొట్టదు మేడం. దీని ప్లగ్గులోనే ఒక స్విచ్ ఉంటుంది. కరెంటు కాస్త పక్కదారి పట్టినా అదే టక్కున ఆపేస్తుంది.”

“ఆపకపోతే?”

“వాడే ముందు ప్రతిసారీ బటన్ నొక్కి చూసుకోవాలి. ఆగిందా, సరే. ఆగకపోతే ఆ రోజు మిషన్ ముట్టుకోకూడదు. సన్న వైర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సులు కూడా తగిలించకూడదు.”

“మరి ఆ పెద్దదాని మీద గ్యాస్ అని రాసుందే! వంటింటి సిలిండరేనా? దాన్ని వాకిట్లోకి ఈడ్చుకెళ్తే పొయ్యెలా వెలుగుతుంది? లీకైందంటే వీధి వీధంతా లేచిపోదూ!”

సీనియర్ కిసుక్కున నవ్వాడు. కుర్రాడు నవ్వలేదు.

“సిలిండర్ కాదు మేడం, పెట్రోలు. అది తయారైన చోట పెట్రోల్నే గ్యాస్ అంటారు.”

“అయితే అంటుకుంటుందన్నమాట.”

“ఇంజను వేడిగా ఉండగా పొయ్యకపోతే అంటుకోదు. దాంతో మంట కన్నా పొగే పెద్ద భయం. తలుపులేసిన షెడ్డులో నడిపితే ఏం జరుగుతోందో తెలిసేలోపే మనిషి స్పృహ తప్పుతాడు. ఆరుబయట, గాలాడే చోటే నడపాలి.”

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. “మా ఆయనకి ప్రెషరుంది. దీని మీదా ప్రెషర్ వాషరనే రాసుంది. ఇద్దరికీ పొసుగుతుందంటావా?”

“ఆయన ప్రెషరుకి వేళకి మాత్ర వేసుకుంటే చాలు మేడం. దీని ప్రెషరుకి ట్రిగ్గర్ మీద వేలు తీసేస్తే చాలు.”

“వేసుకుంటేగా!” అంది ఆవిడ.

ఈసారి మేనేజర్ కూడా నవ్వాడు.

ఆవిడ అడుగుతూనే ఉంది. ఆ నీళ్లు కాలి మీద పడితే? గోడ రంగు ఊడొస్తే? చప్పుడికి పక్కింటి పసిపాప జడుసుకుంటే? ఒక భయం తీరేలోపు ఇంకోటి సిద్ధం. అడిగేకొద్దీ కుర్రాడి గొంతులో వణుకు పోయింది. చేతులు వాటంతటవే మిషన్ మీదికి వెళ్లాయి. ఆ నీటిధార చర్మాన్ని కూడా కోసేస్తుందనీ, బూట్లు లేకుండా వాడొద్దనీ, మనిషి వైపు ఎప్పుడూ తిప్పొద్దనీ గన్ను పట్టుకుని మరీ చూపించాడు. చిన్న వాకిలికీ, మెట్లకీ, కారుకీ కరెంటుది చాలు. తేలిక, చప్పుడూ తక్కువ. ప్లగ్గు అందనంత పెద్ద ఆవరణ, ఏళ్ల తరబడి గట్టిపడిన బురద అయితేనే పెట్రోలుది.

“మాది సరిగ్గా అలాంటిదే,” అంది వెనకనుంచి ఓ గొంతు. పైపులు కొనడానికొచ్చిన బట్టతల పెద్దమనిషి ఎప్పట్నుంచి వింటున్నాడో. “ఇంటి వెనక ట్రాక్టర్ షెడ్డు. ప్లగ్గేమో ఇంటి ముందెక్కడో. ఊళ్లో షాపులన్నీ తిరిగాను. కొనమన్నవాళ్లే గానీ, ఎక్కడ నడపకూడదో చెప్పినవాడు లేడు. ఆ పెట్రోలుది కట్టించవయ్యా.”

బిల్లయింది. పెద్దమనిషి మిషన్ తోసుకుంటూ వెళ్లాడు. మేనేజర్ కౌంటర్లోంచి బయటికొచ్చి కుర్రాడి భుజం తట్టాడు. “రేపు పొద్దున్నే వచ్చెయ్. ఇకనుంచి ఈ సెక్షన్ నీదే.”

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. గొడుగు సర్దుకుని గుమ్మం వైపు తిరిగింది.

“అదేంటి మేడం, వెళ్లిపోతున్నారు? ఇంతసేపు మావాడిచేత చెప్పించుకుని!” అన్నాడు మేనేజర్. “ఒక్కటీ నచ్చలేదా?”

ఆవిడ మొహం పాలిపోయింది. “నచ్చకేం బాబూ... నచ్చింది. నేను కొనలేదని ఈ అబ్బాయిని ఏమీ అనకండి. ఆ చిన్నదే, కరెంటుదే కట్టించండి.” సంచిలో చెయ్యి పెట్టి పర్సు వెతుక్కోసాగింది.

“అలా అన్నారు బాగుంది! ఏమయ్యా, మేడంగారి వాకిలికి ఎంత పొడుగు పైపు కావాలో కనుక్కో.”

కుర్రాడు పలకలేదు.

సీనియర్ దులపడం ఆపాడు. మేనేజర్ నవ్వు సన్నబడింది. ఆవిడ సంచిలోంచి చెయ్యి తియ్యకుండానే, ఊరుకోమన్నట్టు కళ్లతో సైగ చేసింది. పాత జబ్బు మళ్లీ తిరగబెట్టిందనుకున్నారు షాపువాళ్లిద్దరూ.

కుర్రాడు దగ్గరికెళ్లి ఆవిడ సంచి మూతి మూసేశాడు.

“మనకి వాకిలెక్కడుందమ్మా?”